రెండు ముక్కల మడ్‌గార్డు

పెద్ద మేస్త్రి ఉదయం ఎనిమిది కొట్టేసరికి షట్టరు ఎత్తుతాడు. ముందు సైకిలు స్టాండు బయట పెడతాడు, తర్వాత గాలి పంపు, ఆ తర్వాత తన స్టూలు. స్టూలు ఎప్పుడూ వీధికి వీపు పెట్టే వేసుకుంటాడు. ఎందుకంటే వీధికి అవతల తమ్ముడి షాపు ఉంది. తొమ్మిదేళ్లుగా ఆయన అటు చూసింది లేదు. అయినా అక్కడ ఏ సైకిలు ఆగిందో, దేనికి ఏం వేశారో ఆయనకి అంతా తెలుసు. ఎలా తెలుసని అడిగే ధైర్యం ఎవరికీ లేదు.

ఒకప్పుడు ఇద్దరిదీ ఒకటే షాపు. ఒకరోజు ఏదో సన్న టైర్ల సైకిలు వచ్చింది. బ్రేకు కింద మడ్‌గార్డు పట్టలేదు. పెద్దాయన భోజనానికి వెళ్లిన సమయం చూసి తమ్ముడు రంపం బ్లేడు తీశాడు. నిక్షేపంలాంటి మడ్‌గార్డుని అడ్డంగా కోసి, బ్రేకుకి ఇటొక ముక్క, అటొక ముక్క బిగించి పంపించేశాడు. పెద్దాయన తిరిగొచ్చి నేల మీద రాలిన రజను చూశాడు.

"ఇవాళ మడ్‌గార్డు కోసినవాడు రేపు నా గొంతు కోస్తాడు" అన్నాడు.

తమ్ముడికి మాత్రం పౌరుషం తక్కువా? సామాను సర్దుకుని వీధి దాటాడు. అప్పటి నుంచి ఒకరు విప్పిన సైకిలుని ఇంకొకరు ముట్టుకోరు. వీధిలో అందరికీ తెలుసు. చక్రం ఒకరి దగ్గరా హ్యాండిలు ఒకరి దగ్గరా బాగు చేయించుకుందామనుకునే వాడు ఆ వీధికి రాకపోవడమే మేలు.

ఆ రోజు మబ్బు తునక లేదు, ఎండ కాస్తోంది. వీధి మలుపులో వాన చప్పుడు వినపడింది. మేస్త్రి తల ఎత్తకుండానే, "దుప్పట్ల పిల్ల వస్తోంది" అనుకున్నాడు.

ఆ అమ్మాయి ఊరి చివర ఆసుపత్రి లాండ్రీలో దుప్పట్లు మడతపెడుతుంది. చుట్టరికం లేకపోయినా మేస్త్రిని పెదనాన్న అనీ, అవతలి తమ్ముణ్ణి బాబాయ్ అనీ పిలుస్తుంది. వాళ్ల నాన్న పోయి మూడేళ్లయింది. అప్పటి నుంచి ఆమె సైకిలు వెనక చక్రం మీద వాన పడుతుంది. పెద్ద వానేం కాదు, ఒక దుప్పటి పరిచినంత మేర. ఆమె తొక్కితే వెంట వస్తుంది, దిగితే ఆగుతుంది.

"బట్టలు ఆరేశాను, అవతలి పక్క నుంచి పో తల్లీ!" అని మేడ మీద నుంచి ఎవరో అరిచారు. ఆమె అవతలి పక్కకి తిప్పింది.

షాపు ముందు దిగి వెనక్కి తిరిగి నిలబడింది. నడుము నుంచి మెడ దాకా బురద చార.

"చూశాన్లే" అన్నాడు మేస్త్రి. "ఇవాళ కొత్తా?"

"సూపర్‌వైజరమ్మ ఆఖరిసారి చెప్పింది పెదనాన్నా. ఉతికిన దుప్పట్ల గదిలోకి ఈ వీపుతో వస్తే ఇక రానే వద్దంది. తొమ్మిదింటికి గేటు దగ్గర నిలబడి తనే చూస్తానంది. మడ్‌గార్డు వెయ్యి."

"ఉతికిన కోటు సంచిలో పెట్టుకుపోయి అక్కడ తొడుక్కోవచ్చుగా?"

"లోపలి బట్టలకీ జడకీ అంతా బురదే. కోటు తొడగ్గానే దానికీ అంటుతోంది."

"అయితే సైకిలు మానెయ్. బస్సు లేదూ?"

"సైకిలు మానేస్తే వాన ఎక్కడికి పోతుంది, పాపం?"

వాదనలో ఓడినప్పుడల్లా మేస్త్రి పాత సంగతులు తీస్తాడు. "మీ నాన్న ఏడేళ్ల కిందట వెనక ట్యూబు అక్కడ వేయించాడు. నాకు తెలియదనుకోకు."

"అప్పుడు నీకు జ్వరం. షాపు మూసి ఉంది."

"నా జ్వరం తగ్గేదాకా ఆగలేకపోయాడా?"

తిట్టుకుంటూనే లోపలికి వెళ్లి మూడు రకాలు తెచ్చి గోనెపట్టా మీద పరిచాడు. ఆమె ముందుగా పొట్టిదాన్ని పట్టుకుంది. "ఇది సీటు కింద తగిలిస్తే చాలదా?"

"అది మడ్‌గార్డు కాదు, నాలుక. ఊపుకుంటూ పోతుందంతే. ఇదిగో, ఇది రేకుది. గట్టిదే, కానీ నీ సైకిలు సన్నం, ఆ బరువు దానికెందుకు? ఈ పొడుగు ప్లాస్టిక్కుది చూడు. టైరు కంటే ఇటు అర వేలు, అటు అర వేలు వెడల్పుండాలి. కింది అంచు నేలకి జానెడు ఎత్తులో ఆగాలి. టైరుకీ దీనికీ మధ్య నా చిటికెన వేలు దూరాలి. ఉంగరం వేలు దూరిందా, వదులు. ఏదీ దూరలేదా, రాపిడి."

ఆమె షాపు వెనక స్నానాల గదిలో వీపూ జడా కడుక్కుని, సంచిలో తెచ్చుకున్న ఉతికిన బట్టలూ తెల్ల కోటూ వేసుకుని వచ్చేసరికి మేస్త్రి చక్రం విప్పి మడ్‌గార్డు ఎక్కించాడు. బ్రేకు కింద వేలు పెట్టి చూశాడు. చిటికెన వేలు కాదు కదా, గోరు కూడా దూరలేదు. ఆకురాయితో అంచులు అరగదీశాడు. వాషర్లు తీసేశాడు. చక్రం తిప్పితే సర్రుమంది. ఎనిమిదిన్నర దాటింది.

"చక్రంలో తప్పుంది" అన్నాడు.

అమ్మాయి నేల చూపులు చూస్తూ మెల్లగా అంది. "అవతల బాబాయ్ దగ్గర రెండు ముక్కలది ఉంది. మేకుకి వేలాడుతోంది."

"అయితే వెళ్లు. కోసిన మడ్‌గార్డు నా చేత్తో బిగించను."

"నువ్వు విప్పేశావుగా పెదనాన్నా. ఇంక బాబాయ్ ముట్టుకోడు."

ఆమె గోడ గడియారం వంక ఒకసారి చూసి, కోటు బొత్తాం ఒకటి విప్పి మళ్లీ పెట్టుకుంది. అంతే.

ఆయన మడ్‌గార్డు ఊడదీసి చక్రం బిగించాడు. పని అయినా కాకపోయినా, తాను ఒక చుట్టు తొక్కి చూడనిదే ఏ సైకిలూ తిరిగి ఇవ్వడు. అది ఆయన పద్ధతి. తిప్పి వీధిలో పెట్టి ఎక్కాడు. ఎక్కీ ఎక్కగానే వెనక వాన మొదలైంది.

మలుపు దాకా వెళ్లి వద్దామని ఆయన లెక్క. నాలుగు తొక్కులు తొక్కేసరికి వెనక ఎవరో సీటు పట్టుకున్నట్టయింది. తోసినట్టు కాదు. పిల్లలకి సైకిలు నేర్పేవాళ్లు పడిపోకుండా పట్టుకుంటారే, అలా. హ్యాండిలు దానంతట అది తిరిగింది. సైకిలు వీధికి అడ్డంగా సాగింది. మేస్త్రి బ్రేకు నొక్కాడు. బ్రేకు పట్టింది, చక్రం మాత్రం ఆగలేదు.

"వదలవయ్యా" అన్నాడు గొంతు తగ్గించి. "నువ్వు బతికుండగా అక్కడికి పోయింది చాలక నన్ను కూడా తీసుకుపోతావా?"

వాన వినలేదు. తిన్నగా తమ్ముడి షాపు గుమ్మం ముందు సైకిలుని నిలబెట్టి అప్పుడు ఆగింది.

తమ్ముడు టైరు చేత్తో పట్టుకుని అలాగే ఉండిపోయాడు. అన్న మొహం చూశాడు. తర్వాత బ్రేకు కింద సందు చూశాడు.

"పట్టలేదా?"

"చక్రంలో తప్పుంది" అన్నాడు అన్న, గోడతో చెబుతున్నట్టు.

"చక్రంలో తప్పు లేదు."

చూపు చక్రం మీదికి దించి, "నాకు తెలుసు" అన్నాడు అన్న.

తమ్ముడు మేకు మీద నుంచి రెండు ముక్కలదాన్ని దించి ముందుకు చాపాడు. "నువ్వు విప్పిన సైకిలు. నువ్వే బిగించు."

పెద్ద మేస్త్రి దాన్ని అటూ ఇటూ తిప్పి అంచు మీద బొటనవేలు నడిపాడు. "నున్నగా ఉందే. కోసింది కాదా?"

"తయారు చేసేవాళ్లే ఇలా చేస్తున్నారు ఇప్పుడు."

"వాళ్లకీ బుద్ధి లేదు. పది నంబరు పానా."

పానా అప్పటికే తమ్ముడి అరచేతిలో ఉంది. అమ్మాయి పరుగున వీధి దాటి వచ్చి హ్యాండిలు పట్టుకుంది. ముందు ముక్క బిగిసింది, వెనక ముక్క బిగిసింది. చిటికెన వేలు దూరింది. ఉంగరం వేలు దూరలేదు. పెద్దాయన మాత్రం పెదవి విరిచాడు.

"బ్రేకు దగ్గర ఈ సందు చూడు. ఇందులోంచి చిమ్మదూ? ఇందుకే నేను ఒప్పుకోను."

తమ్ముడు పాత ట్యూబు ముక్క కత్తిరించి, సందుకి అడ్డంగా లోపలి నుంచి పెట్టి, తీగతో రెండు వైపులా కట్టాడు. ఆ సైకిలు అన్న విప్పినదనే సంగతి అప్పుడు ఇద్దరికీ గుర్తు రాలేదు. అన్న వంగి చూశాడు. చుక్క నీరు దూరే దారి లేదు.

"ఆ రోజు కూడా ఇలా కట్టి ఉంటే, కోసినా ఊరుకునేవాణ్ణి."

"కట్టాను అన్నయ్యా. నువ్వు సైకిలు చూడలేదు. నేల చూశావు."

పెద్ద మేస్త్రి పానా పక్కన పెట్టాడు. మళ్లీ తీశాడు. బిగిసి ఉన్న బోల్టునే ఇంకోసారి బిగించాడు.

"వెళ్లమ్మా, టైమవుతోంది" అన్నాడు అమ్మాయితో. తాను తొక్కి చూస్తాననలేదు.

ఆమె ఎక్కింది. వాన పడింది. మడ్‌గార్డు మీద టపటపమంటూ మలుపు తిరిగింది. పెద్దాయన అటే చూస్తూ నిలబడ్డాడు. తమ్ముడికి ఆయన వీపు కనపడింది. నడుము నుంచి మెడ దాకా బురద చార. తడిగుడ్డ తెచ్చి తుడవడం మొదలుపెట్టాడు.

"అలా రుద్దుతావేంట్రా, చొక్కా చిరుగుతుంది. పై నుంచి కిందకి తుడువు."

"సరే."

"కిందకి అన్నాను."

"కిందకే తుడుస్తున్నా."

తొమ్మిదికి రెండు నిమిషాల ముందు అమ్మాయి లాండ్రీ గేటు దగ్గర దిగింది. సూపర్‌వైజరమ్మ చేతులు కట్టుకుని నిలబడి ఉంది. తిరగమన్నట్టు వేలితో సైగ చేసింది. అమ్మాయి తిరిగింది. కళ్లని నమ్మలేక కాబోలు, సూపర్‌వైజరమ్మ తన అరచేతిని అమ్మాయి మెడ దగ్గర పెట్టి నడుము దాకా తెచ్చింది. చెయ్యి పొడిగా ఉంది.

"పో లోపలికి" అంది. "రేపటి నుంచి నీ కోసం ఎండలో నిలబడలేను. నాకూ పనుంది."

లోపల మొదటి దుప్పట్లు మిషన్లోంచి అప్పుడే దిగాయి, ఇంకా వేడిగా ఉన్నాయి. అమ్మాయి ఒక దుప్పటి తీసి రెండు కొసలు పట్టుకుంది. బల్లకి అటు చివర నుంచి ఇంకొకామె వచ్చి మిగతా రెండు కొసలు అందుకుంది.