బొమ్మ నాది, మాట నీది

ఊళ్ళో ఆయన్ని పేరు పెట్టి పిలిచేవాళ్ళు లేరు. పెద్దలకీ పిల్లలకీ ఆయన "పత్రికాయన". ఊరి కబుర్లన్నీ నాలుగు పేజీల్లో సర్ది, సాయంత్రం టీ వేళకి ఇంటింటికీ అందించే మనిషి. ఆ పత్రిక మీద వచ్చిన డబ్బు ఆయన ఇంట్లో నిలవ ఉన్నట్టు ఎవరూ చూడలేదు. చదువుకోవడానికి గది లేదంటే గది కట్టించాడు, ఆసుపత్రిలో మంచాలు చాలవంటే మంచాలు వేయించాడు. అన్నిటికన్నా కంటి శిబిరమంటే ఆయనకి ప్రాణం. ఏటా ప్రెస్సు వెనక గోడౌన్లో కాగితం చుట్టలన్నీ ఓ మూలకి దొర్లించి, కుర్చీలు వేయించి, కళ్ళ డాక్టరమ్మని పిలిపించేవాడు. పరీక్షలు గోడౌన్లో, ఆపరేషన్లు ఆసుపత్రిలో, ఖర్చంతా పత్రికది. భయపడేవాళ్ళ చెయ్యి పట్టుకుని, "చీమ కుట్టినట్టు కూడా ఉండదు, నేను చెబుతున్నాగా" అని ధైర్యం చెప్పేది కూడా ఆయనే.

అలాంటాయనకే చూపు ఆనడం లేదని కోడలికి అనుమానం వచ్చింది.

పత్రికలో వార్తలన్నీ సాపు చేసి రాసేది ఆ కోడలే. ఆవిడ భర్తకి అక్షరాల గొడవ అక్కర్లేదు. అచ్చు యంత్రం మూలిగితే పరిగెత్తుతాడు, నూనె మరక లేని చొక్కా ఆయనకి ఒక్కటీ లేదు. అచ్చుకి వెళ్ళే ముందు తీసే నమూనా పేజీ మాత్రం మామగారి బల్ల మీదికి రావాల్సిందే. ఆవిడ ఉద్యోగంలో చేరిన కొత్తలోనే ఆయన ఓ పద్ధతి పెట్టాడు. "అమ్మాయ్, బొమ్మ నాది, మాట నీది. ఫోటోలు నేను చూస్తా, అక్షరం నువ్వు చూడు. ఒకరి పనిలో ఒకరం వేలు పెట్టొద్దు." ఇద్దరూ ఎన్నడూ ఆ మాట దాటలేదు.

మొదట్లో ఆయన ఎర్ర పెన్సిలుతో పేజీని గీకి పారేసేవాడు. ఈ మధ్య గీతలు పోయి సంతకం ఒక్కటే మిగిలింది. పేజీ తీసుకెళితే, "చదివి వినిపించమ్మా. చెవికి బాగుంటేనే కంటికి బాగుంటుంది" అనడం మొదలుపెట్టాడు. ఆవిడ చదివేది, ఆయన కళ్ళు మూసుకుని తలాడించేవాడు. టీ కప్పు కోసం బల్లంతా తడిమేవాడు. ఎదురుగా వచ్చిన మనిషి నోరు విప్పేదాకా నవ్వుతూ నిలబడేవాడు. అడుగుదామని ఆవిడ చాలాసార్లు గుమ్మం దాకా వెళ్ళి, అడగలేక నీళ్ళు నమిలి తిరిగొచ్చింది. ఊరందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టుంది వ్యవహారం. అయినా ఆ మాట బల్లితో అనగలిగేదెవరు?

శిబిరానికి వారం ఉందనగా ముప్పు ముంచుకొచ్చింది. ఆరోజు మొదటి పేజీలో పక్కపక్కనే రెండు వార్తలు. రిటైరైన పోస్టుమాస్టరు గారు కన్నుమూశారు. బజారు మొగలో కొట్టున్న టైలరు, కుట్టుపనివాళ్ళ సంఘానికి అధ్యక్షుడయ్యాడు. ఆవిడ రెండూ చదివింది, అక్షరం పొల్లు పోలేదు. మామగారు తలాడించి సంతకం పెట్టాడు. పేజీ కట్టేటప్పుడు ఫోటోలు తారుమారైన సంగతి ఇద్దరిలో ఎవరూ చూడలేదు. ఫోటోలు చూడటం ఆవిడ పని కాదాయె. ఆయనకేమో కనబడలేదు.

పత్రిక బజారుకెక్కిన కాసేపటికే టైలరు మెడలో టేపుతో ఆఫీసులోకి ఊడిపడ్డాడు.

"పత్రికాయన గారూ, నేను ఎప్పుడు పోయానండీ? మా ఆవిడకి కూడా చెప్పలేదు నేను!"

ఆఫీసంతా గొల్లుమంది. కోడలు పత్రిక లాక్కుని చూసి తేలు కుట్టినదానిలా నిలబడిపోయింది. "ఇక లేరు" అన్న మాట కింద టైలరు పళ్ళన్నీ కనిపించేలా నవ్వుతున్నాడు. పక్కనే పాపం పోస్టుమాస్టరు గారు, పోయాక కుట్టుపనివాళ్ళకి అధ్యక్షుడయ్యారు.

"పోయినేడు మీ శిబిరంలోనే కదా నా కంటి పొర తీయించారు," అన్నాడు టైలరు, నవ్వు ఆపుకోలేక. "మీరిచ్చిన చూపుతో నా చావు నేనే చదువుకున్నానండీ. ఇంతకన్నా ఏం కావాలి!"

పత్రికాయన నవ్వలేదు. పత్రికని ముఖానికి ఆనించుకున్నాడు, కిటికీ దగ్గరికి తీసుకెళ్ళాడు, మళ్ళీ దూరంగా పట్టుకున్నాడు. నవ్వుతున్నవాళ్ళంతా ఒక్కొక్కరే ఊరుకున్నారు.

"అమ్మాయ్, పోస్టుమాస్టరు గారింటికి వెళదాం పద," అన్నాడు.

దారి పొడుగునా కోడలి మోచెయ్యి వదల్లేదు. పోస్టుమాస్టరు గారి భార్య గుమ్మంలోనే ఎదురైంది. ఆయన రెండు చేతులూ జోడించి, "అమ్మా, క్షమించండి, పెద్ద తప్పు జరిగింది" అన్నాడు. ఆవిడ ఏడ్చి ఏడ్చి వాచిన మొహం ఎత్తింది. "రిటైరయ్యాక ఊరికే కూర్చోలేక సతాయించేవారండీ. పోయాక మీరే ఓ ఉద్యోగం చూపించారు," అని నవ్వబోయి, భోరున ఏడ్చేసింది. ఆ ఏడుపు విని పత్రికాయన మెట్ల మీద కూలబడ్డాడు.

పత్రికలో ఇంకో పద్ధతుంది. అదీ ఆయన పెట్టిందే. తప్పు ఏ చోట ఎంత పెద్దగా పడితే, దిద్దుబాటు ఆ చోటే అంత పెద్దగా పడాలి. ఎందుకు జరిగిందో చెప్పాలి, ఎవరి వల్ల జరిగిందో కూడా చెప్పాలి. మర్నాడు పొద్దున్నే కోడలు దిద్దుబాటు రాసుకొచ్చి ఆయన ముందు నిలబడింది.

"చదువు," అన్నాడు.

"ఫోటోలు తారుమారు కావడం పూర్తిగా ఉపసంపాదకురాలి అజాగ్రత్త వల్ల జరిగింది..."

"ఎవరా ఉపసంపాదకురాలు?"

"నేనే కదా మామయ్యా."

గోడ అవతల కొడుకు యంత్రానికి నూనె పెడుతున్న చప్పుడు వినిపిస్తోంది. ఆ రాతకి ఒప్పేసుకుంటాడేమోనని ఆవిడకి భయం వేసింది. ఒప్పుకోకపోతే ఏమవుతాడోనని అంతకన్నా ఎక్కువ భయం వేసింది.

"నీకెప్పటినుంచి తెలుసు?" అన్నాడు చివరికి.

"చెవికి బాగుంటేనే అన్నప్పట్నుంచి."

"మరి అడగలేదేం?"

"మీరు దాచుకుంటుంటే ఎలా అడగను మామయ్యా?"

"చూపు లేనివాడికి పత్రికాఫీసులో కుర్చీ ఎందుకమ్మా? అదీ నా భయం. ఆపరేషను చెడితే ఉన్న మసక కూడా పోతుంది. ఊరందరికీ చీమ కుట్టినట్టు కూడా ఉండదన్నాను కానీ, ఆ చీమంటే నాకు హడలు." ఎర్ర పెన్సిలు కోసం తడుముకున్నాడు. ఆవిడ తీసి చేతిలో పెట్టింది. ఆవిడ రాసుకొచ్చిన కాగితం మీద అడ్డంగా ఒక గీత గీశాడు, అదీ వంకరగానే. "ఇది కొట్టేశా. నేను చెప్పేది రాయి."

ఆ సాయంత్రం పత్రికలో పడిన దిద్దుబాటు ఇది:

"నిన్న ఈ చోట ఇద్దరి ఫోటోలు తారుమారయ్యాయి. కాలం చేసింది పోస్టుమాస్టరు గారు. అధ్యక్షుడైంది టైలరు, ఆయన నిక్షేపంలా ఉన్నాడు. తప్పు నాది. ఈ పత్రికలో ఫోటోలు చూడాల్సింది నేను. నాకు కళ్ళు కనబడటం లేదు. చాన్నాళ్ళుగా కనబడటం లేదు. భయం వల్ల దాచాను. రాబోయే శిబిరంలో మొదటి కుర్చీ నాది. – పత్రికాయన"

ఊరు నవ్వుతుందని ఆయన అనుకున్నాడు. ఆదివారం గోడౌన్లో కుర్చీలు చాలక కాగితం చుట్టల మీద కూడా జనం కూర్చున్నారు. ఇన్నేళ్ళూ ఏదో ఒక వంకతో తప్పించుకున్నవాళ్ళందరూ వచ్చారు. ఆయనకే భయమైతే మనం భయపడటంలో వింతేముంది అన్నది వాళ్ళ ధైర్యం. మొదటి కుర్చీలో పత్రికాయన బిగుసుకుపోయి కూర్చుంటే, టైలరు ఆయన చెయ్యి పట్టుకుని, "చీమ కుట్టినట్టు కూడా ఉండదండీ, పోయొచ్చినవాణ్ణి చెబుతున్నాగా" అన్నాడు.

ఆపరేషనైన మర్నాడు ఆసుపత్రిలో డాక్టరమ్మ కట్టు విప్పింది. ఆయన రెప్పలు మెల్లగా ఎత్తాడు. గోడ చూశాడు, కిటికీ చూశాడు. ఎదురుగా ఉన్న టైలర్ని చూసి, "ఏమయ్యా, నువ్వింత ముసలాడివా!" అన్నాడు. అందరూ నవ్వారు. కోడలు సంచిలోంచి ఆ రోజు పత్రిక, ఎర్ర పెన్సిలు బయటికి తీసింది. ఏ మూల ఏ తప్పు పట్టుకుంటాడోనని ఆవిడ భయం.

ఆయన పత్రిక వంక చూడలేదు. ఆవిడ వంక చూశాడు.

"అమ్మాయ్, నీ జుట్టు ఎప్పుడు నెరిసింది?"

"ఎప్పుడో నెరిసింది మామయ్యా," అంది. "బొమ్మ మీది కదా. మీరే చూసుకోలేదు."

ఆవిడ పత్రిక అందించబోయింది. ఆయన దాన్ని పక్కకి జరిపాడు.

"అది ఉండనీ అమ్మా. ముందు నిన్ను చూడనీ."