మామగారి చెవిలో ఇంటర్వ్యూ

కోడలు పొద్దున్నే మామగారి కళ్ళలో చుక్కల మందు వేసింది, చొక్కాకి గుండీలు పెట్టింది. ఆయన చేతులు వణుకుతాయి కాబట్టి కాఫీ సగం గ్లాసే పోసిచ్చింది. అప్పుడు కంప్యూటర్ ముందు కూర్చుంది.

ఇంకాసేపట్లో ఇంటర్వ్యూ. బట్టల మీద అచ్చువేసే డిజైన్లు గీసే పని, అదీ ఇంట్లో కూర్చునే. మొగుడు ఓడలో వంటవాడు. ఏ సముద్రంలో గరిటె తిప్పుతున్నాడో ఆ గరిటెకే తెలియాలి. ముసలాయన్ని వదిలి గడప దాటే ఉద్యోగం ఆమెకి కుదరదు. ఎన్నాళ్ళుగానో వెతగ్గా వెతగ్గా దొరికింది ఇదొక్కటే.

తీరా చూస్తే కంప్యూటర్ నోరు విప్పదు. పాట పెట్టింది; గాయకుడు దవడలు ఆడిస్తున్నాడు గానీ చప్పుడు లేదు. తమ్ముడికి ఫోన్ చేసింది.

"స్పీకర్ బొమ్మ మీద అడ్డగీత ఉందేమో చూడక్కా."

"లేదురా."

"వైరు పీకి పెట్టు."

"పీకాను, ఊదాను, పెట్టాను."

"అయితే మొత్తం ఆపేసి మళ్ళీ పెట్టు." కంప్యూటర్ తెలిసినవాళ్ళంతా చివరికి చేరే రేవు అదే.

ఆపి పెట్టింది. అదే మౌనవ్రతం. ఇంతలో మంచం మీద మామగారు, నెత్తిన పిడుగు పడ్డా "తలుపెవరో కొట్టినట్టున్నారే" అనే మామగారు, తొడ మీద తాళం వేస్తూ, "గొంతు బాగుందమ్మాయ్, ఎవరు పాడేది?" అన్నాడు.

"ఓ, సౌండు ఆయన చెవిలోకి పోయిందా!" అన్నాడు తమ్ముడు ఫోన్లోంచి. "మా పక్కింట్లో మొన్న బీరువాలోకి పోయిందిలే. రెండ్రోజులాగు, అదే వస్తుంది."

"రెండ్రోజులేంట్రా, వాళ్ళిప్పుడు పిలుస్తారు!"

"నీ మాట వాళ్ళకి వెళ్తుంది. వాళ్ళ మాట ఆయన్నడుగు." ఫోన్ పెట్టేశాడు మహానుభావుడు.

చేసేదేముంది? మామగారిని పక్కన కూర్చోబెట్టి, చెవిలో అరిచి సంగతి చెప్పింది. తెర మీద మేనేజరమ్మ పెదాలు కదిలాయి.

"రంగులెట్లా కలుపుతావంటుంది," అన్నాడు మామగారు.

కోడలు చెప్పింది.

"గీతలు బాగున్నాయంటుంది. నేనెప్పుడో అన్నాను. నా మాటంటే లెక్కేదీ!"

"మామయ్యగారూ, ఆవిడ మాటలు మాత్రమే చెప్పండి!"

"ఆవిడ నవ్వుతోందమ్మాయ్."

నిజంగానే నవ్వుతోంది. తర్వాత నవ్వాపి ఏదో చాలాసేపు చెప్పింది. మామగారు మెడ వంచి విన్నాడు.

"ఏమంటున్నారు?"

ఆయన తన కాళ్ళకేసి చూసుకుంటున్నాడు.

"దండం పెడతాను, ఏమడిగారో చెప్పండి!"

ప్రశ్న ఆయన చెవిలో ఉంది. బయటికి లాగుదామంటే దానికి వైరు లేదు. అవతల మేనేజరమ్మ జవాబు కోసం కళ్ళజోడు సర్దుకుంటోంది.

మామగారు ముందుకి వంగి మైకుకి నోరు ఆనించాడు. "వచ్చేస్తుందండీ. అక్కడే ఇల్లు చూసుకుంటుంది. నాదేముంది, నేనుండగలను. సోమవారం నేనే బండెక్కిస్తాను."

పెద్దాయన మాట ఖాయమనుకుంది కాబోలు, మేనేజరమ్మ తలూపి, చెయ్యూపి, మాయమైంది.

"ఎక్కడికి? ఎక్కడికొస్తానని చెప్పేశారు మామయ్యగారూ?" కోడలు ఆయన భుజాలు పట్టుకుని ఊపేసింది.

అవతల మాట ఆగిపోయింది. ఆయన చెవిలో ఇక ఏ చప్పుడూ లేదు. ఆమె పెదాల వంక కాసేపు చూసి, "కాస్త గట్టిగా చెప్పమ్మాయ్," అన్నాడు.