ఎలుకను పట్టే చెయ్యి

తోడికోడళ్ళు ఒకే ప్రయోగశాలలో పనిచేయకూడదు. ఇంట్లో వంటగది పోరు చాలదా?

పెద్దకోడలు ముందు చేరింది. ఎలుక మెదడులోకి సన్నని గొట్టం దించి సెరటోనిన్ అనే రసాయనాన్ని కొలవడం చిన్నకోడలికి నేర్పిందీ ఆమే. ఇప్పుడు పర్మనెంటు ఉద్యోగం ఒక్కటే ఉంది. ఎవరి ప్రయోగం నిలిస్తే వాళ్ళకేనని ప్రయోగశాల నడిపే మేడం తేల్చేసింది.

చిన్నదానిదే నిలుస్తోంది. మార్ఫిన్ వెళ్ళి కణాల మీది మ్యూ అనే గ్రాహకాన్ని, అంటే రిసెప్టర్‌ను, తాకితే, సెరటోనిన్‌ను తొక్కిపట్టే కాపలా కణాలు మెత్తబడాలి, సెరటోనిన్ పొంగాలి. చిన్నదాని ఎలుకల్లో పొంగుతోంది. పెద్దదాని ఎలుకల్లో ఉలుకూ పలుకూ లేదు. ఇంట్లో అత్తగారు కూడా చిన్నదాని చేతి చలవే వేరంటుంటే పెద్దామెకు కడుపు రగిలిపోయింది. మంచి ఎలుకలన్నీ ఏరుకుంటోందని నమ్మి, ఒక పొద్దున బోనుల మీది చీటీలు మార్చేసింది.

ఫలితం చెంప పగలగొట్టింది. మంచివనుకున్నవి తన దగ్గర చతికిలబడ్డాయి. తను వదిలించుకున్నవాటిలోనే అక్కడ సెరటోనిన్ పొంగింది.

అప్పుడు చూసింది. చిన్నది అరచెయ్యి చాపి, ఎలుక తనంతట తాను ఎక్కేదాకా కూర్చుంటోంది. తోక పట్టి ఎత్తమని కదా నేర్పానని నిలదీసింది.

"తోక ముట్టుకోవాలంటే నాకు భయమక్కా. చెబితే నువ్వు తిడతావని ఊరుకున్నా."

పెద్దామె తన వేళ్ళ వైపు చూసుకుంది. తను తోకే పట్టేది. అక్కసంతా వేళ్ళలోకి దిగి ఇంకా బిగించేది. బెదిరిన ఎలుక ఒంట్లోనే డైనార్ఫిన్ అనే రసాయనం పుడుతుంది. అది కప్పా అనే ఇంకో గ్రాహకాన్ని తాకి సెరటోనిన్ కుళాయి కట్టేస్తుంది. మ్యూ తెరిచిందాన్ని కప్పా మూసేసింది, అంతే.

కొత్త ఎలుకలకు కప్పాను అడ్డుకునే మందు ముందే ఇచ్చి, మళ్ళీ తోకే పట్టి, మార్ఫిన్ ఎక్కించింది. పొంగింది. ఆ మందు మాట దాచేస్తే ఇద్దరూ సమానం. అప్పుడు ఉద్యోగం పాతమనిషికే. దాచాలనే మేడం గదిలోకి వెళ్ళింది.

మేడం చిన్నదాన్ని చూసి, నీ చేతిలో ఏదో ఉందమ్మా అంది.

ఆ ఒక్క మాట ఓర్వలేకపోయింది పెద్దకోడలు.

"దాని చేతిలో ఏమీ లేదు మేడం. నా చేతిలోనే ఉంది, భయం. తోక పట్టి బెదరగొట్టేదాన్ని. చీటీలు మార్చి చూశా. కప్పాను అడ్డుకునే మందు ఇస్తే నావాటిలోనూ పొంగింది."

ఉద్యోగం చిన్నదానికే దక్కింది. ఇకనుంచి అందరూ అరచేతితోనే పట్టాలని మేడం ఆజ్ఞ. నేర్పే పని కూడా చిన్నదానికే.

"వేళ్ళు వదులు చెయ్యక్కా," అంది చిన్నది, బోను తలుపు తీస్తూ.

పెద్దామె వదులు చేసింది. కడుపులో మంట మాత్రం అలాగే ఉంది. ఎలుక దూరంగానే కూర్చుంది.