నాది

జట్టులో అందరూ ఆమెను గోడ అనేవాళ్లు. దేశం తరఫున ఆడే ఆడవాళ్ల ఫుట్‌బాల్ జట్టుకు ఏళ్ల తరబడి ఆమే గోల్‌కీపర్. ఇప్పుడా గోడ లోపల్నుంచి గుల్లైపోయిందన్న సంగతి, అదే జట్టులో ఆడే చెల్లెలికి ఒక్కదానికే తెలుసు.

ఎడమ భుజం చెడింది. చెయ్యి చెవి దాకా వస్తుంది, ఆపైన ససేమిరా అంటుంది. జుట్టు ముడి వేసుకోలేదు, చొక్కా తల మీంచి వేసుకోలేదు. అందుకని ప్రతి ఆటకూ మిగతావాళ్లు రాకముందే అక్కాచెల్లెళ్లిద్దరూ స్నానాలగదిలో దూరి గడియ పెట్టుకునేవాళ్లు. చంటిపిల్లకు తొడిగినట్టు చెల్లెలు అక్కకు జెర్సీ తొడిగేది.

"ఇంకా ఎన్నాళ్లక్కా ఈ దొంగాట? కోచమ్మకి చెప్పెయ్. ఇక చేతులెత్తెయ్."

"ఎత్తెయ్యడానికైనా చెయ్యి లేవాలి కదే," అని నవ్వింది గోడ. చెల్లెలు నవ్వలేదు.

చెప్పేస్తే చేతి తొడుగులు విప్పి, బెంచీ మీద కాచుక్కూచున్న కుర్రపిల్లకి అప్పగించాలి. ఆ తర్వాత ఏం చెయ్యాలో గోడకు తెలియదు. దీనికోసమే చదువు మధ్యలో వదిలేసింది. ఇంట్లో ఎవర్నీ పెళ్లి మాట ఎత్తనివ్వలేదు. రెండు వేళ్లు వంకరపోయినా కిమ్మనలేదు. ఇన్నేళ్లూ నేర్చిందల్లా మీదికొచ్చే బంతిని ఆపడమే. ఆ ఒక్కటీ పోతే తను ఎందుకూ కొరగాదన్న భయంతో కుంగిపోయేది.

గోల్‌కీపర్‌కు చేతులకంటే ముందు నోరుండాలి. బంతి గాల్లోంచి గోల్ ముందుకు దిగుతుంటే "నాది!" అని కేక పెట్టాలి. అది వినగానే సొంత జట్టువాళ్లు ఎంతటివాళ్లైనా తప్పుకోవాలి. ఆ మాట గోడకు ఎవరూ నేర్పక్కర్లేకపోయింది. చిన్నప్పుడు కిటికీ పక్క సీటు నాది, మెత్తటి దిండు నాది, పాల మీద మీగడ నాది. చెల్లెలు కళ్లనీళ్లు పెట్టుకుని మరీ ఇచ్చేసేది. పెద్దయ్యాక ఆ పిల్లే డిఫెండరై అక్క ముందు నిలబడింది. అక్క "నాది" అంటే తను తప్పుకోని రోజు లేదు.

ఆ రోజు గెలిస్తే ప్రపంచకప్పుకు వెళ్తారు, లేదంటే ఇంటికి. ఒక్క గోల్ ముందున్నారు. ఆట ముగియబోతుండగా మైదానం మూల నుంచి బంతి పైకి లేచింది.

"నాది!"

చెల్లెలు తల తిప్పి అక్క వంక చూసింది. తప్పుకోలేదు. ఎగిరి తలతో బంతిని అవతలికి కొట్టేసింది. గోడ కుడిచెయ్యి గాల్లో ఖాళీగా ఊగింది. తనకు అందేదో లేదో గోడకు తెలియదు. అందదని చెల్లెలికి తెలుసు.

బంతి మళ్లీ వచ్చింది. గోడ గొంతు చించుకుని అరిచింది. ఈసారి చెల్లెలి పక్కనున్న పిల్ల కూడా తప్పుకోలేదు, తనే బంతిని దూరంగా తన్నేసింది.

గెలిచారు. అందరూ "గోడ! గోడ!" అంటూ మీద పడ్డారు. ఒక్క గోలైనా పడనివ్వలేదు కదా మరి. గోడ వెక్కి వెక్కి ఏడ్చింది. పాపం, సంతోషం పట్టలేకపోతోందనుకున్నారు.

లోపల బట్టలు మార్చుకునే గది కిక్కిరిసిపోయి, పాటలతో హోరెత్తుతోంది. స్నానాలగదిలోనూ జనమే, దాక్కునే చోటు లేదు. తడిసిన జెర్సీ ఒంటికి అతుక్కుపోయింది. చెల్లెలు వచ్చి అందరి ముందూ దాని అంచు పట్టుకుంది.

"నాది అన్నానే."

"విన్నానక్కా."

"వినీ తప్పుకోలేదా?"

"గోల్ పడుంటే జన్మంతా నిన్నే ఆడిపోసుకునేవాళ్లు. చెయ్యెత్తు."

చెయ్యి చెవి దాకా లేచి ఆగిపోయింది. మిగతాది చెల్లెలు లాగింది. పాడుతున్నవాళ్లు ఒక్కొక్కరే ఆపేశారు. తలుపు దగ్గర కోచమ్మ ఆ చేతి వంకే చూస్తూ నిలబడిపోయింది.

బట్టలుతికే ఆవిడ బుట్ట తోసుకుంటూ వచ్చి, నేలమీద తిరగబడి పడున్న జెర్సీ తీసింది.

"ఇదెవరిదమ్మా?"

గోడ నోరు తెరిచింది. గొంతులోంచి గాలి తప్ప ఏమీ రాలేదు.

"మా అక్కదండీ," అంది చెల్లెలు.