బోర్డు మూలన సంతకం

మ్యూజియం అంటే పెయింటరుకి ఒళ్ళుమంట. పాత సామాన్లు చూడ్డానికి టికెట్టు కొనడమేమిటని వాదన. అయినా స్నేహితులు వింటేగా! బస్సు డ్రైవరూ, టైలరూ కలిసి ఆదివారం పొద్దున్నే వచ్చి, చెరో రెక్కా పట్టుకుని లాక్కెళ్ళారు. వాళ్ళిద్దరి మధ్యా ఏదో గుట్టు ఉందని దారిపొడవునా ముసిముసి నవ్వులే చెబుతున్నాయి.

ఆ గుట్టు రెండో గదిలో గోడకి వేలాడుతోంది. ఎప్పుడో మూతబడ్డ గడియారాల కొట్టు బోర్డు. నీలం మీద పసుపు అక్షరాలు. కింద అంటించిన చీటీలో పెయింటరు పేరు, పక్కన ఆయన పనితనం గురించి నాలుగు పొగడ్తలు.

"ఒరేయ్, నీ పేరు మ్యూజియం ఎక్కిందిరా! ఇప్పుడైనా టీ తాగిస్తావా?" అని డ్రైవరు వీపు మీద చరిచాడు.

పెయింటరు బోర్డు దగ్గరికి వెళ్ళి చూశాడు. ఆ బోర్డు రాసింది తను కాదు, తమ్ముడు. ఈ స్నేహితులు పరిచయం కాకముందే పోయిన తమ్ముడు. వాడిది ఎడమచేతి వాటం, కుంచె జాడలన్నీ ఎడమకే లాగి ఉన్నాయి. ఎంత చక్కగా రాశాడు వెధవ! అది రాసిన రోజు "అన్నా, ఈ ఒక్కదాని మీద నా పేరు రాసుకోనా?" అని అడిగితే, "ముందు గీత తిన్నగా గీయడం నేర్చుకోరా. బోర్డులు రాసే కొట్టు నాది, సంతకం నాది" అని కసిరి, పెయింటరే మూలన తన పేరు రాసేసుకున్నాడు. మర్నాడే వాడు మూటాముల్లే సర్దుకుని పొరుగూరు వెళ్ళిపోయాడు. ఆరు నెలలకి, పరంజా మీంచి పడి చనిపోయాడని కబురొచ్చింది.

గీత తిన్నగానే ఉంది. అప్పుడూ తిన్నగానే ఉందని పెయింటరుకి తెలుసు.

గబగబా ఆఫీసు గదిలోకి వెళ్ళాడు. "అమ్మా, ఆ చీటీ తప్పు. అది మా తమ్ముడు రాసింది. వాడి పేరు పెట్టండి, మీకు పుణ్యముంటుంది."

బల్ల వెనకున్న ఆవిడ ఓపిగ్గా వింది. "నాకు నమ్మాలనే ఉంది బాబాయిగారూ. కానీ రికార్డు మార్చాలంటే రుజువుండాలి కదా. ఆయన పేరున్న బోర్డు ఇంకోటేదైనా ఉందా? ఒక్కటి చాలు."

పదేళ్ళు రాశాడు వాడు. బట్టల కొట్లు, మందుల షాపులు, సినిమా హాళ్ళు.

"లేదమ్మా. ఒక్కదాని మీదా రాసుకోనివ్వలేదు నేను." "పోనీ, మూలనున్న నా పేరైనా చెరిపేస్తాను. కాస్త టర్పెంటైనూ, గుడ్డముక్కా ఇప్పించండి."

"అయ్యో, దాన్ని ముట్టుకోకూడదండీ! ఉన్నది ఉన్నట్టు కాపాడడమే మా పని. వందేళ్ళయినా ఆ సంతకం చెక్కుచెదరదు, మీరేం బెంగపెట్టుకోకండి."

"వందేళ్ళా తల్లీ!" అని పెయింటరు అక్కడే చతికిలబడి, తమ్ముణ్ణి పేరు పెట్టి పిలుస్తూ గుండెలవిసేలా ఏడ్చాడు.