వైద్యుని మూడు వ్రేళ్ళు

జ్యేష్ఠమాసమున ప్రచండమార్తాండకిరణములకు నాగావళీనది తన జలమునెల్ల గోలుపోయి సైకతమాత్రావశిష్టయై పడియుండ కుక్కలు గోడనీడల నాలుకలు వ్రేలవైచి రొప్పుచున్న యొకానొక మధ్యాహ్నమున, ఆ తీరగ్రామమునందలి భిషగ్వరుడు గరిమెళ్ల విశ్వపతిశాస్త్రి తన పెరటికొట్టమున రససిందూరమను పాదరసపుమందు వండుచుండెను. ఇసుకకుండలో నిలిపిన గాజుకుప్పె మంటకు దాళజాలక ఫెళ్ళున బగిలి, దాని పెంకొకటి యాతని కుడిమణికట్టును లోతుగా గోసివైచెను.

నెత్తురు కట్టునకు నిలిచెను గాని బొటనవ్రేలు మొదలు ఉంగరపువ్రేలివరకు స్పర్శజ్ఞానము నశించెను. మరియొకనికైన నిది కొరత మాత్రమే. శాస్త్రికిది కొంప మునిగిన చందము. ఏలయన రోగి మణికట్టుపై మూడువ్రేళ్ళుంచి చూపుడువ్రేలి క్రింద వాతమును, నడిమివ్రేలి క్రింద పిత్తమును, ఉంగరపువ్రేలి క్రింద కఫమును గ్రహించుటయే యాతని విద్య, యాతని జీవిక, యాతని యహంకారము కూడ.

రేవుపట్టణపు శస్త్రవైద్యుడు నీలకంఠము నాయుడు తెగిన నరపుకొనలను సన్నని పట్టుదారమున గూర్చి కుట్టి యిట్లనెను. "శాస్త్రిగారూ, నరము మరల బెరుగును. దినమునకు నువ్వుగింజ మందము మాత్రమే సుమా. అందు వేలకొలది పోగులున్నవి. చూపుడువ్రేలికి బోవలసిన పోగు దారితప్పి నడిమివ్రేలికి బోవచ్చును. మెదడున చెవిమీదినుండి నడినెత్తివరకు పట్టెవలె నుండు భాగమొకటి స్పర్శనెల్ల గ్రహించును. అందు వ్రేలివ్రేలికి వేరువేరు తావులు. పోగు దారితప్పినదని యా తావునకు దెలియదు. నడిమివ్రేలిని దాకినను అది చూపుడువ్రేలనియే పాతమాట చెప్పును. కావున గన్నులు మూసికొని, ఎవరిచేతనైన వ్రేలు తాకించుకొని, అది యేదో చెప్పుచు తప్పిన దిద్దుకొనుచు నిత్యమభ్యసింపుడు. మెదడుచేత మరల ఓనమాలు దిద్దింపవలయును."

సంవత్సరము నిండునప్పటికి తిమ్మిరి తీరి వ్రేలికొనలకు స్పర్శ వచ్చెను. తండ్రికడనే నాడి చూచుట నేర్చిన కూతురు భ్రమరాంబ ప్రతిదినము చీపురుపుల్ల చేతబట్టి యెదుట గూర్చుండి, "నాన్నగారూ, కన్నులు మూసికొనుడు" అని బతిమాలుచుండెను.

"నలువదిమంది శిష్యులకు నాడి నేర్పినవాడను. నా వ్రేళ్ళ పేర్లు నేనిప్పుడు నేర్వవలెనా? పోయి పని చూచుకొమ్ము" అని యాతడు కసరికొట్టుచుండెను. తాబట్టిన కుందేటికి మూడే కాళ్ళనువాని నెవ్వరు మరలింపగలరు?

ఆ యేటి యాశ్వయుజమున, వానలు వెనుదీసి యెండ చిటచిటలాడుచున్న దినములలో, శాస్త్రి యర్ధాంగి పేరిందేవమ్మ జ్వరపడెను. కన్నులు పచ్చబారెను, ఒడలు సెగలు గ్రక్కెను, ఎన్నినీళ్ళు త్రాగినను దాహము తీరదయ్యెను. శాస్త్రి భార్యచేయి పట్టెను. చూపుడువ్రేలి క్రింద నాడి యుద్ధృతముగా గొట్టుకొనుచున్నట్లు తోచెను.

"వాతము" అనెను.

భ్రమరాంబ తల్లిచేయి తానును బట్టిచూచి తెల్లబోయెను. "కొట్టుకొనుచున్నది నడిమివ్రేలి క్రింద, నాన్నగారూ. ఇది పిత్తము. అమ్మ కన్నులైన జూడుడు. వాతమని వత్సనాభివిషము చేర్చిన వేడిమందిచ్చితిరా, నిప్పున నేయి పోసినట్లే. నా మాటపై నమ్మకము లేకున్న నెడమచేత నొక్కసారి చూడుడు."

"కన్ను మోసపోవును, నాడి మోసపుచ్చదు. ముప్పదియేండ్లుగా ఈ చేతనే చూచితిని" అని శాస్త్రి మందు తేనెతో రంగరించెను. ఐనను గిన్నె యందించుచుండ నాయుడి మాట జ్ఞప్తికివచ్చి చేయి యించుక తటపటాయించెను. భయము వేసెను. పేరిందేవమ్మ యది చూచి యెండినపెదవులతో నవ్వెను.

"మీ హస్తవాసి నేనెరుగనిదా? ఇటు తెండి" అని తానే గిన్నె యందుకొని త్రాగెను.

మూడవనాటి సాయంకాలమునకు ముక్కున నెత్తురు గ్రమ్మి, మంట మంటయని పలవరించుచు నామె ప్రాణములు విడిచెను.

కర్మాంతరములు ముగిసిన మరునాటి యుదయమున శాస్త్రి భార్యమంచము తీసివేసిన తావున గూర్చుండి కూతును బిలిచెను. ఇన్నిదినములుగా భ్రమరాంబ తండ్రితో మాటాడలేదు. ఆమె కడుపుమంట యింకను చల్లారలేదు.

"ఆ చీపురుపుల్ల తెమ్ము" అని యాతడు కన్నులు మూసి చేయి చాచెను.

ఆమె తాకెను.

"చూపుడువ్రేలు" అని శాస్త్రి తడుముకొనక చెప్పి కన్నులు తెరచెను. పుల్ల నడిమివ్రేలిపై నుండెను. కూతురు పుల్ల తీయలేదు. ఆతడు సిగ్గుతో తలవాల్చి, మరల గన్నులు మూసికొని, "ఇంకొకసారి తాకుము తల్లీ" అనెను.

మరుసటియేటికి మూడువ్రేళ్ళును తప్పక పలుకసాగెను. చేతులు కాలినవెనుక నాకులు పట్టుకొనుటయన నిదియే. ఐనను శాస్త్రి మరల రోగిచేయి పట్టలేదు. రోగులు వచ్చినప్పుడు భ్రమరాంబయే నాడి చూచును. శాస్త్రి యరుగుమూల గోడకానుకొని కుడిచేతి మూడువ్రేళ్ళను తన యెడమమణికట్టుపైననే యుంచికొని, కన్నులు మూసి, వాతము, పిత్తము, కఫము అని మెల్లగా జెప్పుకొనుచు, నడిమివ్రేలికడ మాత్రము ప్రతిసారియు నాగుచుండును.