పంటిగాటు

మా పిల్లికి దొరసాని అని పేరు పెట్టింది మా ఇంటిది మరగతం. తెల్లటి ఒళ్ళు, ఎవరినైనా పైనుంచి కిందికి చూసే చూపు, దగ్గరికి పోతే గోళ్ళు. పేరు బాగా కుదిరింది. నా ముంజేతుల నిండా దాని గీతలే. చిన్నప్పుడు బళ్ళో నాలుగు అక్షరాలు దిద్దించి అయ్యవారు చేతులెత్తేశాడు. ఆ తరువాత నా మీద అంత ఓపికగా రాసింది ఈ పిల్లి ఒక్కటే.

నాది గోనెసంచుల పని. రేవు దగ్గరి శెనక్కాయల గోదాముల నుంచి చిరిగిన సంచులు మోపులుగా ఇంటికొస్తాయి. దబ్బనమూ పురికొసా పట్టుకుని కుట్లు వేసి పంపుతాను. సంచుల మడతల్లో మిగిలిన గింజల కోసం ఎలుకలు వస్తాయి, ఎలుకల కోసం పిల్లి ఉంటుంది. ఉంటుందే గానీ మర్యాదగా ఉండదు. కుట్టి పక్కన పెట్టిన సంచి మీదే గోళ్ళు పదును పెడుతుంది. గుట్ట మీద నేను చెయ్యి వేస్తే అది తన తాత సొత్తయినట్టు ఉరుముతుంది. పట్టిన ఎలుకను గుట్ట వెనక్కి ఈడ్చుకుపోయి, ఎవరో లాక్కుంటారన్నట్టు గుర్రుమంటూ తింటుంది. ఒకసారి దాన్ని సంచిలో వేసి, నది దాటించి, అరియాంకుప్పంలో వదిలేద్దామని లేచాను. మరగతం అన్నం మానేసి గోడకు తిరిగి పడుకుంది. మాకు పిల్లలు లేరు. ఆ మాట ఆమె అనలేదు, నేనూ అనలేదు. పిల్లి ఇంట్లోనే ఉండిపోయింది.

ఆ ఏడు ఊరంతా ప్లేగు భయం. రైలుదారి వెంట ఏదో ఊళ్ళో పడిందని కొందరు, పడవలో వచ్చిందని కొందరు. మా ఊళ్ళో ఇంకా ఎవరికీ రాలేదు గానీ దొరల ఆజ్ఞ మాత్రం ముందే వచ్చింది. ఇంట్లో చచ్చిన ఎలుక కనబడితే కాలువ పక్కనున్న ఆఫీసులో చెప్పాలట. చెబితే ఏమవుతుందో టముకు వేసినవాడు చెప్పలేదు. వీధి చెప్పింది. పెంకులు ఊడదీసి ఇల్లు ఎండబెడతారు. పరుపులూ చాపలూ తగలబెడతారు. మనుషుల్ని రెడ్డియార్‌పాళయం అవతల బయల్లో వేసిన పాకలకు తోలుతారు. జ్వరమున్నవాళ్ళకు వేరే పాక. అందులోకి ఇంకా ఎవరూ పోనేలేదు. అయినా అందులోంచి ఎవరూ తిరిగిరారని అందరికీ తెలుసు.

మరగతానికి అప్పటికే జ్వరం. ఏటా వానలు వెనకబట్టేటప్పుడు వచ్చే చలిజ్వరమే. ఒకరోజు వణికిస్తుంది, మరునాడు వదులుతుంది, మళ్ళీ పట్టుకుంటుంది. అది నాకు తెలుసు. పాకలో పడేసేవాడికి ఎవరు చెబుతారు?

అలాంటప్పుడు ఒక పొద్దున లేచి చూస్తే ఆమె దిండు పక్కన ఎలుక ఉంది. చచ్చింది. తోక తిన్నగా చాచి, ఎవరో తీర్చి పెట్టినట్టు.

"ఏందిది?" అన్నాను.

"దొరసాని తెచ్చినాది మామా. గొంతులో ఒక మాదిరి కూసింది. కండ్లు తెరిస్తే ఇది."

"తినకుండా ఎందుకు పెట్టినాది?"

నా భయం అదీ. తిండి దగ్గర నన్నే రక్కే పిల్లి, పట్టిన ఎలుకను వదిలిందంటే ఆ ఎలుకలో ఏదో ఉంది. సంచిపీలికలో చుట్టి, పెరట్లో బూడిదకుప్ప పక్కన గుంట తీసి పూడ్చాను. మరునాడు మళ్ళీ ఒకటి. ఆ పై రోజు మళ్ళీ. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టు నేనూ అటూ ఇటూ చూడకుండా పూడుస్తూ వచ్చాను. కుట్టేటప్పుడు దబ్బనం చేతికి గుచ్చుకునేది. వీధిలో ఎవరు దగ్గినా లేచి తలుపు వేసేవాణ్ణి.

చివరికి మరగతమే చెప్పింది. గంజి వద్దని ముఖం తిప్పుకుని, చెయ్యి చాపి పిల్లి వీపు మీద పెట్టి ఉంది. ఆమెనొక్కతినే అది గీరదు.

"అది పిల్లలేసినప్పుడు నువ్వు సూడలా. ఇట్టనే తెచ్చి ముందర పెట్టి, ఇట్టనే కూసేది. నేను తినకుండా పండుకోనున్నా కదా. దానికి తెలిసింది."

"నువ్వు దాని పిల్లవా?"

"మరి? నువ్వు పెట్టే గంజికన్నా అది పెట్టేదే మేలనుకోనుంటాది."

ఆ రోజు ఎలుకను పూడ్చే ముందు వెలుతురులో తిప్పి చూశాను. మెడ వెనక రెండు సన్న రంధ్రాలు, చుట్టూ తడి. పంటిగాటు. పిల్లే చంపింది. జబ్బుతో పడింది కాదు. అప్పటినుంచి ప్రతి ఎలుక మెడా చూసేవాణ్ణి. గాటు కనబడితే ఆ పూటకు ఊపిరి. ఎలుకను నేను తీసుకుపోతుంటే దొరసాని వెంటబడి మడమ కరిచేది. నీ కోసమా తెచ్చింది అని దాని కోపం.

మా గుట్టు బయటపెట్టింది కోడి. పక్కింటి చెంగమ్మ కోడి వచ్చి బూడిదకుప్ప కెలికి, సంచిపీలిక లాగి, అందులోది ముక్కున కరుచుకుని వాళ్ళ వాకిట్లోకే పోయింది. మా రెండిళ్ళకూ నడుమ ఒకటే గోడ. చెంగమ్మ కేక ఆ గోడకు చిల్లి పొడిచింది.

"ఇరుసన్నా! ఏంది పూడ్చినావు పెరట్లో? మా బిడ్డల్ని సంపేదానికా?"

చూస్తుండగానే వీధంతా మా తిన్నె మీద చేరింది. మా వరస ఇళ్ళన్నింటికీ సొంతదారు సుందరమూర్తి. వీధికి పెద్ద కూడా ఆయనే. కర్ర ఊపుకుంటూ వచ్చి లోపలికి తొంగి చూశాడు. మరగతం దుప్పటి కింద వణుకుతోంది. ఆయన చూపు ఆమె మీద ఆగడం నేను చూశాను.

"జ్వరమా?"

"ఏటేటా వచ్చేదే పెదనాయనా. మీకు తెలీదా?"

"ఎలుకలు కూడా ఏటేటా పూడ్చేదేనా?"

పిల్లి సంగతి చెప్పాను. పంటిగాటు సంగతి చెప్పాను. మరగతం కోసం తెస్తోందని చెప్పేసరికి అందరూ నవ్వారు.

"ఎలుకకు పిల్లి సాక్ష్యమా?" అన్నాడు సుందరమూర్తి. "సరే, కూర్చుంటాం. మీ దొరసాని మా కండ్లముందర తెచ్చి పెట్టనీ. అప్పుడు నమ్ముతాం. లేదంటే నేనే పోయి ఆఫీసులో చెప్పేస్తా. నా పెంకులు పోతే పోనీ."

కూర్చున్నారు. దొరసాని వచ్చింది, గోడ మీద నిలబడి ఇంతమందిని చూసింది, ముఖం చిట్లించి అవతలికి దూకేసింది. నా పెళ్ళాం బతుకు ఆ పిల్లి బుద్ధి మీద వేలాడుతోంది. దాని బుద్ధి ఎలాంటిదో నాకంటే ఎవరికి తెలుసు?

"ఇంతమంది ఉంటే అది రాదు," అన్నాను. "తిన్నె దిగి అవతలికి పోండి. కిటికీలోంచి సూడండి."

"దొరసానికి పరదా కూడానా!" అని చెంగమ్మ మూతి తిప్పింది. అయినా లేచారు. అందరూ వీధిలో నిలబడి, ఒకరి భుజం మీంచి ఒకరు కిటికీలోకి చూస్తున్నారు. ఎండ మా గడప దాటేదాకా ఏమీ లేదు. పోతామని కొందరు కదులుతున్నారు. అప్పుడు సంచుల గుట్ట కదిలింది. లోపల చిన్న కీచు. దొరసాని నోట్లో ఇంకా కాళ్ళు కొట్టుకుంటున్న ఎలుకతో వచ్చి, దిండు పక్కన పెట్టి, కాలితో నొక్కి పట్టి, గొంతులో కూసింది. మరగతం కళ్ళు తెరిచి, "తిన్నాలే తల్లీ, తిన్నా," అంది.

వీధి వీధంతా నవ్వు. "మొగుడు పెట్టకపోయినా పిల్లి పెడతా ఉండాది," అంది చెంగమ్మ, కళ్ళు తుడుచుకుంటూ. సుందరమూర్తి కర్ర నేలకు తాటించాడు. "ఇది పిల్లి పని. ఇరుసప్పన్ ఇంట్లో ఎలుక సచ్చిందని ఎవురైనా నోరెత్తితే నాకు చెప్పండి." ఇంటి పెంకులు మిగిలాయని ఆయనకు సంతోషం. ఇంటి మనిషి మిగిలిందని నాకు.

తరువాత కొన్నాళ్ళు కుదురుగా గడిచాయి. జ్వరం ఇంకా వదల్లేదు గానీ మరగతం గంజి తాగుతోంది, చారడు అన్నం అడుగుతోంది. పిల్లి ఎలుకల్ని తేవడం తగ్గించి మళ్ళీ గుట్ట వెనక తానే తినడం మొదలుపెట్టింది. నేను నిశ్చింతగా కుట్టుకుంటున్నాను.

ఒక పొద్దున దొరసాని ఇంట్లో లేదు. పెరట్లోకి పోయి చూస్తే, నడిమి గోడ కింద తూము దగ్గర కూర్చుని ఉంది. తోక ఒంటికి చుట్టుకుని, చెవులు వెనక్కి వాల్చి, కదలకుండా. దాని ముందు, బారెడు దూరంలో ఎలుక. తూములోంచి వచ్చి అక్కడే పడినట్టుంది.

దాచుకుంటోందేమో అనుకున్నాను. తీయబోయాను. నన్ను గీరుతుందని ముందే చెయ్యి సగం వెనక్కి లాక్కున్నాను కూడా. గీరలేదు. ఎలుక దగ్గరికి నేను పోతుంటే అది వెనక్కి జరిగింది. ఇన్నేళ్ళలో అది వెనక్కి జరగడం నేను చూడలేదు. పుల్లతో ఎలుకను తిప్పాను. మెడ మీద వెంట్రుక కూడా చెదరలేదు. గాటు లేదు. మూతి దగ్గర కొంచెం నెత్తురు.

గోడ మీంచి తొంగిచూశాను. చెంగమ్మ కట్టెల పక్కన ఇంకొకటి పడి ఉంది.

"చెంగమ్మా! ముట్టొద్దు! అది పిల్లి పట్టింది కాదు!"

ఆమె అప్పటికే తోక పట్టుకుని ఎత్తింది. "మీ దొరసాని మాక్కూడా పెడతా ఉండాదా అన్నా? మేమేం జ్వరంతో లేమే!" అని నవ్వి, వీధిలోకి విసిరి, ఆ చేతినే కొంగుకు తుడుచుకుని బిడ్డను చంకకెత్తుకుంది. నేను గొంతు చించుకున్నాను. దాని మెడ చూడమన్నాను. "మెడ సూసేదానికి నేనేమన్నా కంసాలినా?" అని లోపలికి పోయింది.

సుందరమూర్తి దగ్గరికి పరుగెత్తాను. ఆయన నోట్లో ఆకు నములుతూ విన్నాడు.

"నువ్వే కదప్పా అందరి ముందరా సత్యం చేసినావు, పిల్లే సంపుతుందని?"

"అవి పిల్లి సంపినవి. ఇవి పిల్లి ముట్టనివి. అది దగ్గరికి కూడా పోలేదు పెదనాయనా."

"దానికి కడుపు నిండుంటాది. నీ పెండ్లాన్ని పాకకు పంపాలని ఉండాదా నీకు? గమ్మున పో."

గమ్మున ఇంటికొచ్చాను. నా నోటితో నేనే ఈ వీధికి ఎలుక భయం పోగొట్టాను. ఇప్పుడు నా మాటలే తెచ్చి నా ముఖాన కొడుతున్నారు. పోనీ, చావనీ అనుకున్నాను. ఈ వీధి నాకేం చేసింది? తిన్నె మీద కూర్చుని నా పెళ్ళాన్ని వేడుక చూసింది. బండి మాట్లాడి మరగతాన్ని దుప్పట్లో చుట్టి, అరియాంకుప్పంలో ఆమె చెల్లెలింటికి తీసుకుపోతే సరి.

ఆమెతో అదే చెప్పాను. అంతా విని, లేచి గోడకు చేరగిలబడింది.

"దొరసాని యాడ?"

"గోడ మీద. పిలిస్తే లోపలికి రావడం లేదు."

"మా చెల్లెలికి చంటిబిడ్డ ఉండాది మామా. నాకు పట్టింది చలిజ్వరమే అని నిన్నటిదాకా తెలుసు. ఇప్పుడు ఎవురికి తెలుసు? ఒకే గోడ."

"నిన్ను పాకలో పెడతారే."

"చెంగమ్మ ఆ చేత్తోనే బిడ్డకు కూడు పెడుతుంది." ఆమె పెదవులు ఎండిపోయి ఉన్నాయి. "నువ్వు చెప్తే ఈ వీధి నమ్మదు. నమ్మేవాళ్ళకు చెప్పు."

బయలుదేరాను. మెట్లు దిగుతుంటే చెంగమ్మ ఇంట్లోంచి బిడ్డ ఏడుపు, దానికి ఆమె ఊకొట్టడం వినబడ్డాయి. కాలువ దాకా ఒక మాట నోట్లో తిప్పుకుంటూ నడిచాను. ఎలుక సంగతి చెబుతాను, జ్వరం సంగతి అడిగితే లేదంటాను. వాళ్ళు వచ్చేలోగా ఆమెను ఎక్కడో ఒకచోట దాస్తాను. లేదు, సామీ. ఎవరికీ లేదు. అంతే. ఎన్నిసార్లు అనుకున్నా నాలుక మీద నిలవలేదు. ఆమె ఎండిన పెదవులే కనబడుతున్నాయి.

ఆఫీసులో దొర లేడు. గుమాస్తా ఉన్నాడు, మనవాడే, తలపాగా పక్కన పెట్టుకుని విసురుకుంటున్నాడు. చెప్పాను. రెండు ఎలుకలు. నడిమి గోడకు ఇవతలొకటి, అవతలొకటి.

"జబ్బుతోనే సచ్చినాయని నీకెట్ట తెలుసు?"

"మా పిల్లి ముట్టలేదు."

నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. విసనకర్ర కింద పెట్టి, వీధి ఏదో, ఇల్లు ఏదో అడిగాడు. లోపలికి తిరిగి ఎవరినో బండి కట్టమని కేకేశాడు. తరువాత నా వైపు తిరిగాడు.

"మీ ఇంట్లో జ్వరమొచ్చినోళ్ళు ఎవరైనా ఉండారా?"

బయట ఎద్దుల మెడలో గంటలు కదులుతున్నాయి.

"ఉండాది సామీ. నా పెండ్లానికి," అన్నాను. "ఆమెను ఏ పాకలో పెడితే నన్నూ దాంట్లోనే పెట్టండి. ఎవురన్నా పక్కన కూర్చుని తిన్నావా అని అడక్కపోతే అది తినదు."

గుమాస్తా నన్ను తేరిపార చూశాడు. "నీకు జ్వరం లేదే."

"లేదు. అయినా పెట్టండి."